తాళం పడ్డాక ఒక ఫోటో తీయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక ఫోటో వేశారు. జువెనైల్ హోమ్‌లో కొత్తగా రంగులు వేసిన హాలు అది. గోడ నిండా సీతాకోకచిలుకలు, మూలన పెద్ద టీవీ, మధ్యలో క్యారమ్ బోర్డు. నలుగురు పిల్లలు కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డారు, ముఖాలు కనబడకూడదు కాబట్టి. కింద ‘హోమ్‌కు కొత్త కళ’ అని రాశారు.

ఫోటో బాగుంది. కానీ నా కళ్లు సీతాకోకచిలుకల మీద నిలవలేదు. ఎడమ పక్కన సగం మాత్రమే పడిన ఒక ఇనుప తలుపు ఉంది. పైభాగంలో అరచేయంత గాజు, బయటివైపు గడియ. అలాంటి తలుపుల ముందు నేను 9 ఏళ్లు రాత్రి డ్యూటీ చేశాను. నర్సుని. ఇప్పుడు రిటైరయ్యాను. నేను పనిచేసిన చోటు పేరు రాయను. ఆ ఒక్క చోటి మీద కోపం తీర్చుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇలాంటి చోట్లు అన్నీ ఒకేలా ఉంటాయని కూడా అనను. మీ ఫోటోలో ఎండ నేల మీద పడిన తీరు చూస్తే పగలు 11 గంటలప్పుడు తీసినట్టుంది. అదే చోట రాత్రి 11 గంటలకు ఎవరైనా ఫోటో తీశారా అన్నదే నా ప్రశ్న.

మా దగ్గర సాయంత్రం 7 గంటలకు తలుపులు పడేవి. మళ్లీ తీసేది పొద్దున 6 గంటలకు. అంటే రోజులో 11 గంటలు. ఆరు నెలలు లోపల ఉన్న పిల్లవాడు దాదాపు మూడు నెలలు ఆ తలుపు వెనకే గడిపినట్టు. ఆటలు, చదువు, కుట్టుమిషను, యోగా, ఇవన్నీ మిగతా సగంలో జరుగుతాయి. తనిఖీకి వచ్చేవాళ్లు, దాతలు, విలేకరులు అందరూ ఆ సగానికే వస్తారు. రెండో సగాన్ని చూసేవాళ్లు ఇద్దరు గార్డులు, ఒక నర్సు. అంతే.

నేను చేరిన మొదటి నెలలో 13 ఏళ్ల పిల్లవాడు ఒకడు మూత్రంలో మంట అని వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయేవి. పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్. మందు ఇచ్చాను. రిజిస్టర్‌లో ‘నీళ్లు తక్కువ తాగుతున్నాడు, ఎక్కువ తాగమని చెప్పాను’ అని రాశాను. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే మందు, అదే వాక్యం. రెండు నెలలు తిరక్కుండానే మూడోసారి. అప్పుడు కాస్త విసుక్కున్నాను కూడా. “నీళ్లు తాగమని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?” అన్నాను.

వాడు తల వంచుకుని, “మధ్యాహ్నం 3 దాటాక తాగను సిస్టర్” అన్నాడు.

“ఏం?”

“రాత్రి తలుపు తీయరు కదా.”

వాడున్న గదిలో ఆరుగురు. మరుగుదొడ్డి వరండా చివర. రాత్రి వెళ్లాలంటే తలుపు కొట్టాలి, గార్డు రావాలి, వస్తే ఆరుగురున్న గది తలుపు ఒక్కడే తీయకూడదు కాబట్టి రెండో గార్డు కూడా రావాలి. రెండో గార్డు గేటు దగ్గర ఉంటాడు. అందుకని మూల ఒక బకెట్ పెట్టారు. ఐదుగురు చూస్తుండగా బకెట్లో వెళ్లడం ఆ పిల్లవాడి వల్ల కాలేదు. పెద్ద పిల్లలు వెక్కిరించేవాళ్లట. కాబట్టి వాడు తన ఒంటికి తనే టైమ్‌టేబుల్ వేసుకున్నాడు. ఎండాకాలంలో కూడా మధ్యాహ్నం 3 తర్వాత గుక్కెడు నీళ్లు తాగడు. నేను మూడుసార్లు ఒకే వాక్యం రాశాను తప్ప ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆ రిజిస్టర్ పేజీలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఐక్యరాజ్యసమితి 1990లో ఒక నియమావళి ఆమోదించింది. స్వేచ్ఛ కోల్పోయిన బాలబాలికల రక్షణ కోసం చేసింది, హవానా నియమాలు అంటారు. మరుగుదొడ్లు తగిన చోట, తగిన స్థాయిలో ఉండాలి, పిల్లలు తమ అవసరం మరుగుతో, శుభ్రంగా, మర్యాదగా తీర్చుకునేలా ఉండాలి అని 34వ నియమంలో ఉంది. దానికి ముందున్న 33వ నియమం పూర్తిగా పడకల గురించే. చిన్న గుంపులుగా పడుకునే గదులో, ఒక్కొక్కరికి ఒక గదో ఉండాలి. ఎవరి పక్కబట్టలు వాళ్లకి విడిగా ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఉండాలి, తరచూ మార్చాలి. రాత్రంతా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి, కానీ వాళ్లకి ఇబ్బంది కలగకుండా. నేను ఈ నియమాలు చదివింది రిటైరయ్యాక. ఉద్యోగంలో ఉండగా ఎవరూ చూపించలేదు, నేనూ వెతకలేదు.

ఇబ్బంది కలగకుండా అన్న మాట చదివినప్పుడు నవ్వొచ్చింది. మా దగ్గర గంటకోసారి లెక్క. లెక్క అంటే కిటికీ గాజులోంచి టార్చి వేసి, ముఖాలు చూడటం. దుప్పటి కప్పుకుంటే తలుపు మీద లాఠీతో కొట్టి, ముఖం తీయమనేవాళ్లు. గదుల్లో ట్యూబ్‌లైట్ ఆర్పేవాళ్లు కాదు. స్విచ్ బయట ఉండేది. తాళాల గుత్తి చప్పుడైతే వరండా ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వారం ఆ చప్పుడుకి లేచి కూర్చునేవాళ్లు. తర్వాత లేవడం మానేసేవాళ్లు, కానీ నిద్రపోయినట్టు కాదు, కళ్లు మూసుకుని పడుకునేవాళ్లు. ఆ తేడా నర్సుకి తెలుస్తుంది.

13 నుంచి 18 ఏళ్ల వయసులో రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఆ వయసులో ఒంట్లోని గడియారం కూడా ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి త్వరగా నిద్ర పట్టదు, పొద్దున త్వరగా మెలకువ రాదు. నిద్రపుచ్చే మెలటోనిన్ అనే హార్మోన్ వెలుగులో సరిగా ఊరదు. ఇన్ని తెలిసి, వాళ్లని 7 గంటలకు గదుల్లో పెట్టి, లైటు వేసి ఉంచి, గంటకోసారి లేపి, పొద్దునే క్లాసులో కునుకు తీస్తే ‘క్రమశిక్షణ లేదు’ అని మార్కు తగ్గిస్తాం. మార్కులు తగ్గితే ఫోన్ పోతుంది.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వారానికి ఒకసారి 10 నిమిషాలు ఇంటికి మాట్లాడనిచ్చేవాళ్లు. ఆ రాత్రే నా దగ్గరికి ఎక్కువమంది వచ్చేవాళ్లు, తలనొప్పి అని, కడుపునొప్పి అని. అమ్మ ఎత్తకపోతే మరీను. వారానికి కనీసం రెండుసార్లు ఉత్తరం ద్వారానో ఫోన్ ద్వారానో మాట్లాడుకునే హక్కు ఉండాలని అదే హవానా నియమాలు చెబుతాయి. కుటుంబంతో సంబంధాన్ని శిక్షగా కత్తిరించకూడదని 67వ నియమం. మా దగ్గర ముందు పోయేది అదే.

ఇక నేను చేసిన తప్పు. ఒక రాత్రి మూడో గదిలో ఒకడు ఆపకుండా ఏడుస్తున్నాడు. మిగతావాళ్లు తిడుతున్నారు. గార్డు వచ్చి, “సిస్టర్, వీడికి ఏదైనా ఇవ్వండి, గోల ఆగుతుంది” అన్నాడు. నేను ఒక అలర్జీ మాత్ర ఇచ్చాను. వాడికి అలర్జీ లేదు. అది వేసుకుంటే మత్తుగా ఉంటుందని నాకు తెలుసు, గార్డుకి తెలుసు. వాడు పడుకున్నాడు. ఆ తర్వాత మరో రెండుసార్లు ఇచ్చాను, వేరే పిల్లలకు. నాలుగోసారి ఇవ్వనన్నాను. ధైర్యం వచ్చి కాదు, మాత్రల లెక్క తేలదని భయపడి. మందుల్ని వైద్యానికే వాడాలి, శిక్షగానో అదుపులో పెట్టడానికో వాడకూడదని 55వ నియమం ఉందని అప్పుడు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు, నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పిన విషయం అది.

అందరికీ చిన్నగా అనిపించే ఇంకో సంగతి, గజ్జి. పెద్ద ఆఫీసర్లతో మాట్లాడేటప్పుడు ఈ మాట అంటేనే ముఖం తిప్పుకుంటారు. కానీ పక్కబట్టల నియమం ఎందుకు పెట్టారో తెలియాలంటే గజ్జి గురించి తెలియాలి. అది కంటికి దాదాపు కనపడని పురుగు వల్ల వస్తుంది. చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దురద రాత్రిపూటే ఎక్కువ. మొదటిసారి పట్టినవాడికి దురద మొదలవ్వడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోగా తనకి తెలియకుండానే పక్కవాళ్లకి అంటిస్తుంటాడు. అందుకే దురద ఉన్నవాడికి ఒక్కడికే మందు రాస్తే లాభం లేదు. ఆ గదిలో అందరికీ ఒకే రోజు రాయాలి, మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద. రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. అదే రోజు దుప్పట్లు, బట్టలు బాగా వేడి నీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో కట్టేసి కనీసం మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచాలి. మనిషి ఒంటి నుంచి దూరమైతే పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

మా దగ్గర అప్పుడు 46 మంది. పెద్ద పిల్లవాడికి ఒకసారి రాయడానికి గజ్జికి వాడే పర్మెత్రిన్ క్రీమ్ దాదాపు 30 గ్రాములు, అంటే ఒక ట్యూబు కావాలి. రెండుసార్లకి 92 ట్యూబులు రాసి పంపాను. 12 వచ్చాయి. ‘దురద ఉన్నవాళ్లకి మాత్రమే వాడగలరు’ అని కాగితం మీద ఎర్ర ఇంకుతో రాసి పంపారు. సరే, 12 మందికి రాశాను. వేడి నీళ్లు లేవు. దుప్పటి ఒక్కొక్కరికి ఒకటే కాబట్టి సంచిలో కట్టి మూడు రోజులు ఉంచితే వాళ్లు దేనితో కప్పుకోవాలి? ఐదు వారాలకి మళ్లీ అంతా మొదలు. ఈసారి గార్డుల్లో ఇద్దరికి కూడా అంటింది. వాళ్ల ఇళ్లలో పిల్లలకి అంటింది. అప్పుడు వచ్చాయి ట్యూబులు, అడిగినన్ని.

నేను ఆ గార్డుల్ని నిందించను. తన బిడ్డకి దురద పుడితే ఎవరికైనా కదలిక వస్తుంది. కానీ ఆ ఐదు వారాల్లో 14 ఏళ్ల పిల్లవాడు రాత్రంతా గోక్కుని గోక్కుని పుళ్లు చేసుకున్నాడు, చీము పట్టింది, ఓ రోజు పొద్దున ముఖం ఉబ్బి లేచాడు. ఆసుపత్రికి పంపితే మూత్రపిండాలకి దెబ్బ తగిలిందన్నారు. చర్మం మీది చీముపుండు నుంచి మూత్రపిండాల దాకా పోవచ్చు, ఇది వైద్యంలో తెలిసిన విషయమే. తర్వాత కోలుకున్నాడు. ఆసుపత్రిలో మూడు వారాలు ఉండి వచ్చి నాతో అన్న మొదటి మాట, “అక్కడ రాత్రి లైటు ఆర్పేస్తారు సిస్టర్.”

రాత్రి దెబ్బల గురించి ఎక్కువ రాయను, రాస్తే ఎవరో ఒకరు గుర్తుపడతారు. వాచిన పెదవితో, నీలం పడ్డ వీపుతో పొద్దున వచ్చే పిల్లలందరూ చెప్పేది ఒకటే, “బాత్రూంలో జారిపడ్డాను.” బాత్రూంకి వెళ్లనివ్వని చోట అందరూ బాత్రూంలోనే ఎలా జారిపడతారో నాకు అర్థమయ్యేది కాదు. చిన్నవాళ్లని, పెద్దవాళ్లని ఒకే గదిలో వేస్తే, వరండాకి ఒక్క గార్డు ఉంటే, రాత్రి ఎవరి రాజ్యమో అక్కడ పడుకున్నవాడికే తెలుస్తుంది. అమెరికాలో జైళ్లలో లైంగిక దాడుల్ని అరికట్టడానికి 2003లో చేసిన చట్టం కింద తర్వాత కొన్ని ప్రమాణాలు పెట్టారు. పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు 8 మందికి ఒకరు, నిద్రపోయేటప్పుడు 16 మందికి ఒకరు సిబ్బంది ఉండాలని. రాత్రికి విడిగా ఒక అంకె పెట్టాలని ఎవరికో తట్టినందుకు సంతోషించాను. మా దగ్గర 46 మందికి ఇద్దరు, అందులో ఒకరు గేటు దగ్గర.

ఇప్పుడు తాళాల సంగతి. ఒకసారి నెలవారీ మీటింగ్‌లో నేను అడిగాను, రాత్రి నిప్పు అంటుకుంటే ఎవరు తీస్తారు తలుపులు అని. పెద్దాయన నా వైపు చూసి, “మీరు మందుల సంగతి చూసుకోండి” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ రాత్రి నేనే గార్డుని బతిమాలి లెక్క పెట్టించాను. ఎనిమిది గదులు. గుత్తిలో 19 తాళం చెవులు, వాటి మీద అంకెలు అరిగిపోయాయి. అన్ని తలుపులూ తీయడానికి 6 నిమిషాల పైన పట్టింది. పొగ లేదు, కరెంటు ఉంది, ఎవరూ అరవడం లేదు, అయినా 6 నిమిషాలు.

ఇది నా భయం మాత్రమే కాదు. 1959 మార్చి 5న అమెరికాలోని ఆర్కాన్సాలో, రైట్స్‌విల్ అనే ఊళ్లో నల్లజాతి బాలుర కోసం నడిపిన శిక్షణ పాఠశాలలో తెల్లవారుజామున మంటలు లేచాయి. తలుపులు బయటి నుంచి వేసి ఉన్నాయి. కొందరు కిటికీలు పగలగొట్టుకుని బయటపడ్డారు, 21 మంది పిల్లలు కాలిపోయారు. అది పాత కథ అంటారేమో. 2017 మార్చి 8న గ్వాటెమాలాలో ప్రభుత్వం నడిపే బాలల గృహంలో, ముందు రోజు పారిపోయి పట్టుబడిన 56 మంది ఆడపిల్లల్ని రాత్రి ఒక గదిలో పెట్టి తాళం వేశారు. పొద్దున మంటలు లేచాయి. తాళం వెంటనే తీయలేదు. 41 మంది చనిపోయారు. వాళ్లని మరుగుదొడ్డికి వెళ్లనివ్వలేదని బతికినవాళ్లు చెప్పారు. అది చదివిన రోజు నేను భోజనం చేయలేదు. నా 13 ఏళ్ల పిల్లవాడు గుర్తొచ్చాడు.

మా హోమ్‌లో ఇంకో గది ఉండేది. రికార్డులో ‘ప్రశాంత గది’. పిల్లలు ‘డబ్బా’ అనేవాళ్లు. గొడవ చేసినవాడిని అందులో వేసేవాళ్లు. రోజుకి అరగంట బయటికి తీసేవాళ్లు. నేను రోజూ కిటికీలోంచి చూసి ‘బాగానే ఉన్నాడు’ అని రాయాలి. ఒకడు అందులో 9 రోజులు ఉన్నాడు. ఐదో రోజు నుంచి గాజు దగ్గరికి రావడం మానేశాడు. నేను పిలిస్తే పలికేవాడు కాదు, గోడకి చూసి కూర్చునేవాడు. నేను ‘బాగానే ఉన్నాడు’ అనే రాశాను, ఎందుకంటే ఊపిరి ఆడుతోంది. మనుషులతో సరైన మాటామంతీ లేకుండా రోజుకి 22 గంటలు, అంతకన్నా ఎక్కువ ఉంచితే దాన్ని ఏకాంత నిర్బంధం అంటారని ఖైదీల గురించి ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో రాసుంది. పిల్లల విషయంలో ఏకాంత నిర్బంధమే కూడదని హవానా నియమాలు 1990లోనే చెప్పాయి. గదికి పేరు మారిస్తే నియమం వర్తించదన్నట్టు ఉండేది మా వాళ్ల ధోరణి. ఇది మా ఒక్క చోటి జబ్బు కాదులెండి. ఆస్ట్రేలియాలో డాన్ డేల్ అనే బాలల నిర్బంధ కేంద్రంలో 2014 ఆగస్టులో ఒక రాత్రి, ఒంటరి గదుల విభాగంలో ఉన్న పిల్లల మీద బాష్పవాయువు వదిలారు. రెండేళ్ల తర్వాత ఆ వీడియోలు టీవీలో వస్తేగానీ దేశం కదలలేదు. రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ సంఘం వేశారు, 2017లో అది ఆ కేంద్రాన్ని మూసేయమని సిఫార్సు చేసింది. ఆ విభాగానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ప్రవర్తన నిర్వహణ విభాగం’. పేర్లు పెట్టడంలో ఎవరూ తక్కువ తినలేదు.

ఇదంతా చదివి కొందరు ఏమంటారో నాకు తెలుసు. నా సొంత తమ్ముడే అన్నాడు, “తప్పు చేసినవాళ్లకి మెత్తటి పరుపులు కావాలా అక్కా?” అని. అక్కడున్న పిల్లల్లో చాలామంది మీద ఇంకా ఏదీ రుజువు కాలేదు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. రుజువైన వాళ్ల సంగతే తీసుకుందాం. ఇల్లు, అమ్మ, బడి, వీధి, అన్నీ తీసేశాం. అదీ శిక్ష. జడ్జిగారి తీర్పు కాగితాలు నేను కొన్ని చూశాను, రాత్రి మరుగుదొడ్డి మూసేయండి అని, గజ్జి అంటించండి అని ఎక్కడా లేదు. మరి ఎవరి ఉత్తర్వు అది? ఇది అడిగితే తమ్ముడు మాట మార్చాడు.

ప్రపంచం మొత్తం మీద ఏటా కనీసం 4 లక్షల 10 వేల మంది పిల్లలు నేరారోపణలతో నిర్బంధ కేంద్రాల్లో, జైళ్లలో గడుపుతున్నారని 2019లో ఐక్యరాజ్యసమితి అధ్యయనం అంచనా వేసింది. పోలీసు కస్టడీలో ఉండేవాళ్లు ఈ లెక్కలో లేరు. ఇంతమంది పిల్లలకి ప్రతి రోజూ ఒక రాత్రి ఉంటుంది కదా.

గార్డుల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. 12 గంటల డ్యూటీ, కూర్చోవడానికి ఒక విరిగిన కుర్చీ, శిక్షణ అంటే రెండు రోజులు, అందులో ఒక రోజు రిజిస్టర్ ఎలా నింపాలో. మా దగ్గర ఒకాయన ఉండేవాడు, వయసు మళ్లినవాడు. ఆయన డ్యూటీ ఉన్న రాత్రుల్లో నా దగ్గరికి వచ్చే పిల్లలు సగానికి తగ్గేవాళ్లు. ఏం చేసేవాడో గమనించాను. తాళాల గుత్తికి పాత సాక్సు తొడిగేవాడు, చప్పుడు రాకుండా. టార్చి నేల మీదకి వేసి ఆ వెలుగులో చూసేవాడు. 9 గంటలకి గదుల లైట్లు ఆర్పి వరండా లైటు ఒక్కటే ఉంచేవాడు. ఎవరైనా తలుపు తడితే గేటు దగ్గర గార్డుని కేకేసి, ఇద్దరూ కలిసి తీసుకెళ్లేవాళ్లు. పైసా ఖర్చు లేని పనులివి. నియమాలు ఆయనా చదవలేదు. ఆయనకి ఒకసారి లైట్లు ఆర్పినందుకు మెమో ఇచ్చారు. సాక్సు కూడా తీయించారు, తాళాలు కనబడాలట.

చిన్న చోట్ల పెట్టి నడిపితే ఇదంతా సులువు అని కూడా తెలుసుకున్నాను. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం 1983లో బూన్‌విల్‌లోని తన పెద్ద శిక్షణ పాఠశాలను మూసేసి, పిల్లల్ని ఇళ్లకి దగ్గరగా చిన్న కేంద్రాల్లో పెట్టింది. పది పన్నెండు మంది ఒక జట్టు, సొంత బట్టలు, మామూలు పడకలు. తర్వాత ఎన్నో రాష్ట్రాల వాళ్లు వెళ్లి చూసి వచ్చారు. మనం పెద్ద బిల్డింగు కట్టి దానికి పెద్ద గేటు పెడితే అభివృద్ధి అనుకుంటాం. ఫోటోలో అదే బాగా పడుతుంది మరి.

తనిఖీల గురించి చెప్పి ముగిస్తాను. నా 9 ఏళ్లలో తనిఖీ బృందాలు చాలాసార్లు వచ్చాయి. ఒక్కసారి కూడా సాయంత్రం 5 దాటాక రాలేదు. వాళ్లు వస్తున్నారని మాకు ముందు రోజే తెలిసిపోయేది, ఫినాయిల్ వాసనని బట్టి. బకెట్లు స్టోర్ రూమ్‌లోకి పోయేవి. కొత్త దుప్పట్లు వచ్చేవి, మడతల గీతలు పోకముందే మళ్లీ వెనక్కి వెళ్లేవి. చెప్పకుండా వచ్చి చూసే అధికారం తనిఖీ చేసేవాళ్లకి ఉండాలని హవానా నియమాల్లో 72వది. పిల్లలతో విడిగా, గార్డు వినకుండా మాట్లాడాలని కూడా ఉంది. మా దగ్గర మాట్లాడేవాళ్లు, వార్డెన్‌ని పక్కన నిలబెట్టుకుని. “బాగా చూసుకుంటున్నారా?” “ఆ సార్.” అయిపోయింది.

కాబట్టి మీ విలేకరికి నా మనవి. ఈసారి వెళ్తే టీవీ ఎన్ని అంగుళాలని అడగొద్దు. సాయంత్రం ఎన్నింటికి తలుపులు వేస్తారు, చివరి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య ఎన్ని గంటలు, రాత్రి ఒంటికి వస్తే ఎవరిని పిలవాలి, పిలిస్తే ఎంతసేపటికి వస్తారు అని అడగండి. గదిలో మూల నేల మీద గుండ్రటి మరక ఉందేమో చూడండి. బకెట్ తీసేసినా ఆ మరక పోదు, నేను బ్రష్‌తో రుద్ది చూశాను. తాళాల గుత్తి చేతికి తీసుకుని మూడో గది తాళం చెవి ఏదో చూపించమనండి, చేతి వాచీ చూసుకుంటూ. దుప్పటి వాసన చూడండి. నన్ను చూసి నవ్వుకున్నా ఫరవాలేదు, దుప్పటి వాసన చూస్తే చాలా తెలుస్తుంది.

రాత్రి 11 గంటలకు వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి రమ్మంటారు. చేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు
(నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు పెద్దవాళ్లయి కాపురాలు చేసుకుంటున్నారు.)